అమ్మాయికి ఏముంది, అతనితో పాటే కదా!

విశాఖ శివార్లలోని కూర్మన్నపాలెంలో మా మేడ మీద నిలబడితే హైవే కనబడుతుంది. ఉదయం ఆరున్నర అయ్యేసరికి కంపెనీ బస్సులు లంకెలపాలెం వైపు బారులు తీరతాయి. చాలావరకు పరవాడ ఫార్మా సిటీకి వెళ్లేవే. కిటికీకి తల ఆనించి నిద్రపోయే అమ్మాయిల మెడలో గుర్తింపు కార్డు తాడు మెలిపడి ఉంటుంది. బస్సు దిగేసరికి ఆ తాడు అచ్చు చెంప మీద పడుతుంది. ఆ అచ్చుతోనే ఆరేళ్లు నేను ల్యాబ్‌కు వెళ్లాను. ఇప్పుడు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి జర్మనీ నుంచి వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని, పైనుంచి ఆ బస్సులు లెక్కపెడుతుంటాను.

ఈసారి వచ్చిన మూడో రోజునే పక్కింటి పిన్ని వచ్చింది. వాళ్ల అమ్మాయికి సంబంధం దాదాపు కుదిరింది. అబ్బాయి ఉండేది మ్యూనిక్ దగ్గర. అమ్మాయి నేను పనిచేసిన చోటికి రెండు గేట్ల అవతల, నాలాగే క్వాలిటీ కంట్రోల్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. పిన్ని చాలా అడిగింది. చలి ఎంత ఉంటుంది, చింతపండు దొరుకుతుందా, ఆవకాయ విమానంలో తీసుకెళ్లనిస్తారా, పురుడు అక్కడ పోసుకోవడం మంచిదా ఇక్కడికి రావడం మంచిదా. అన్నిటికీ తెలిసినంత చెప్పి, చివర్లో నేనొకటి అడిగాను.

"అబ్బాయిది ఏ వీసా పిన్నీ?"

"బ్లూ కార్డు అట అమ్మా. పెద్ద చదువులు చదివి అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు ఇస్తారట. చాలా మంచిదట కదా."

"మంచిదే. మరి అమ్మాయి ఉద్యోగం సంగతి ఏమనుకున్నారు?"

"అమ్మాయికి ఏముంది, అతనితో పాటే కదా!"

పిన్నిని తప్పుపట్టలేను. 2018 మాఘమాసంలో మా ఇంట్లో కూడా ఇదే మాట అనుకున్నారు. అన్నది మా అమ్మ, తలూపింది నేను. అబ్బాయి నక్షత్రం, గోత్రం, జీతం, అప్పులు, అలవాట్లు, అన్నీ ఆరా తీశారు. మా నాన్న ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. ఏ వాల్వు ఎటు తిరుగుతుందో తెలుసుకోకుండా దేని మీదా చెయ్యి వేయడు. ఆయనకూ తోచలేదు. ఆరేళ్ల అనుభవం, నెలనెలా జీతం, నా కింద ఏడుగురు అనలిస్టుల లెక్కలు సరిచూసే బాధ్యత, ఇవన్నీ పెట్టెలో చీరలతో పాటు మడిచి పెట్టుకుని వెళ్లిపోవచ్చని అందరం అనుకున్నాం.

తర్వాత మళ్లీ ఒక ల్యాబ్ కోటు వేసుకోవడానికి నాకు నాలుగేళ్ల మూడు నెలలు పట్టింది. అది ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు పట్టుదల చాలకపోవడం వల్ల అయితే కాదు. ఈ విషయంలో నాకు ఓదార్పు మాటలన్నా, "నువ్వు తలచుకుంటే సాధిస్తావు" అనే మాటలన్నా సమానంగా చిరాకు.

ముందు కాగితాల సంగతి. విదేశం అంటే అన్ని చోట్లా ఒకటే అనుకుంటారు మనవాళ్లు. మా పెదనాన్న కూతురు 2011లో, భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా వెంట ఇచ్చే హెచ్-4 వీసా మీద న్యూజెర్సీ వెళ్లింది. ఆ వీసా మీద అప్పట్లో ఉద్యోగం చేయకూడదు, అంతే. 2015 మే 26 నుంచి కొందరికి అనుమతి ఇచ్చారు. అది కూడా భర్తకు గ్రీన్ కార్డు దారిలో ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉండాలి, లేదా ఆరేళ్ల గడువు దాటాక హెచ్-1బీ పొడిగింపు దొరికి ఉండాలి. ఆ నిబంధన మీదా అదే ఏడాది కోర్టులో కేసు పడి, ఏళ్ల తరబడి సాగింది. ఈ అనుమతి ఉంటుందా ఊడుతుందా అని అక్క ఎన్ని సంక్రాంతులు గడిపిందో! పైగా ఆమె చదివింది బీఫార్మసీ. అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సు దారిలో అడుగుపెట్టాలంటే, 2003 జనవరి 1 తర్వాత విదేశాల్లో పట్టా పుచ్చుకున్నవారు ఐదేళ్ల కోర్సు చదివి ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లు. చివరికి పని చేసుకునే అనుమతి వచ్చింది గాని, ఆమె పని ఆమెకు రాలేదు.

అక్కతో పోలిస్తే నేను మహారాణిని. బ్లూ కార్డు ఉన్నవారి భార్యకో భర్తకో జర్మనీ రెండు వరాలు ఇస్తుంది. దిగిన రోజు నుంచి ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. పనికి అనుమతి ఉందని నివాస కార్డు మీదే అచ్చువేసి ఇస్తారు. రెండోది, మామూలుగా జీవిత భాగస్వామి దగ్గరకు వెళ్లేవారు వీసా కోసం ముందే జర్మన్ భాషలో మొదటి మెట్టయిన ఏ1 పరీక్ష పాసవ్వాలి; బ్లూ కార్డు కుటుంబాలకు అది అక్కర్లేదు.

ఆ రెండో వరమే నా కొంప ముంచింది. అడగరు కాబట్టి నేర్చుకోలేదు. పెళ్లికీ ప్రయాణానికీ మధ్య నాలుగు నెలల వ్యవధి దొరికింది. ఆ నాలుగు నెలలూ జాకెట్లు కుట్టించుకోవడానికీ, సింహాచలం మొక్కు తీర్చుకోవడానికీ, చుట్టాలిళ్లలో భోజనాలకూ సరిపోయాయి. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు, ఒక్కసారి కూడా మెట్లెక్కలేదు. పరీక్ష లేదంటే చదవని జాతి మనది. సిలబస్‌లో లేనిదాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఏ1 అంటే భాషలో ఓనమాలు. అవి విశాఖలోనే దిద్దుకుని వెళ్లి ఉంటే, అక్కడ మొదటి ఆరు నెలలు చెవిటిదానిలా గడిచేవి కావు.

ల్యాబ్ పని చేసినవాళ్లకు నా బాధ వెంటనే అర్థమవుతుంది. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి దేశం లేదు. మొబైల్ ఫేజ్ కలపడం, కాలమ్ ఎక్కించడం, పీక్ వచ్చేదాకా తెర ముందు కాచుకుని కూర్చోవడం ఎక్కడైనా ఒకటే. పరవాడలో మేం తెరిచిన మందుల ప్రమాణాల పుస్తకం, యూరోపియన్ ఫార్మకోపియానే జర్మనీ ల్యాబ్‌లోనూ తెరుస్తారు. నాకు తెలియనిది ఏదీ అక్కడ లేదు. కానీ మా పనిలో సగం చేతిది, సగం రాతది. ఏ సీసాలో ఏం కలిపామో, ఎన్ని గంటలకు కలిపామో, ఎందుకు తేడా వచ్చిందో అన్నీ లాగ్‌బుక్‌లో ఎక్కాలి. రాయనిది జరగనట్టే అని ట్రైనింగ్ మొదటి రోజునే చెబుతారు. ఆ రాత జర్మన్‌లో ఉండాలి. నా చేతులు క్వాలిటీ కంట్రోల్ అధికారివి, నా భాష బాలవాడి పిల్లది. జీతం ఇచ్చేవాడు ఏది చూస్తాడు?

భాషకు పట్టే కాలం గురించి ఇక్కడ ఎవరికీ అంచనా లేదు. "మూడు నెలల్లో వచ్చేస్తుందట కదా" అంటారు. కొత్తగా వచ్చినవారి కోసం ప్రభుత్వం నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో భాషకే 600 పాఠాలు, దేశం గురించి మరో 100. ఒక్కో పాఠం 45 నిమిషాలు. అంతా అయితే మీరు చేరేది ఏ1, ఏ2 దాటాక వచ్చే మూడో మెట్టు, బి1. అంటే డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పగలరు, అద్దె ఇంటి యజమానితో గొడవపడలేరు. ల్యాబ్ ఉద్యోగానికి బి2 అయినా ఉండాలి, దానికి మరో నాలుగైదు వందల పాఠాలు. మందుల షాపులో ఫార్మసిస్టుగా కూర్చోవాలంటే అది వేరే కథ: అప్రొబాట్సియోన్ అనే ప్రభుత్వ లైసెన్సు, చదువు సరితూగకపోతే ఒక పరీక్ష, దాని మీద వృత్తి భాషలో సి1 స్థాయి పరీక్ష. ఆ దారి నేను పట్టలేదు. నాకు మందులు అమ్మడం మీద ఎప్పుడూ మక్కువ లేదు, పరీక్షించడం మీదే.

మా తరగతిలో పదహారు మందిమి. ఒక సిరియా దంతవైద్యుడు, ఒక బ్రెజిల్ లాయరమ్మ, టర్కీ నుంచి వచ్చిన లెక్కల టీచరు. అందరం కలిసి "నా పేరు ఫలానా, నాకు ఆపిల్ పండు ఇష్టం" అని వల్లెవేశాం. ఒక విషయంలో మాత్రం వాళ్లకంటే నాకు సుళువైంది. జర్మన్‌లో ఉపవాక్యం వస్తే క్రియ చివరికి పోతుంది. మిగతా వాళ్లు తలలు పట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. మన వాక్యమంతా అలాగే కదా నడిచేది!

ఆ తర్వాత మా మొదటి ఊరు. మా ఆయన అప్పుడు పనిచేసిన చోటు బవేరియాలో కార్ల విడిభాగాల కర్మాగారాలున్న చిన్న ఊరు. చుట్టూ అరవై కిలోమీటర్ల లోపు మందుల ల్యాబ్ ఒక్కటీ లేదు. పెళ్లికి ఏడాది ముందు ఆయన చేతిలో రెండు ఉద్యోగాలు ఉండేవట. రెండోది ఫ్రాంక్‌ఫర్ట్ వైపు. జీతంలో నెలకు రెండు వందల యూరోల తేడా చూసి ఈ ఊరు ఎంచుకున్నారు. అప్పుడాయనకు నేను లేను కాబట్టి ఆ లెక్క సరైనదే. నేను వచ్చాక కూడా మూడేళ్లు అదే లెక్క నడవడమే తప్పు. ఉద్యోగం వెతకడం అంటే కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తులు పంపడం అనుకుంటాం. చాలాసార్లు అది ఏ ఊళ్లో కాపురం పెట్టారన్న దగ్గరే తేలిపోతుంది. చేప నీళ్లు లేని చోట ఎంత బాగా ఈదితే ఏం లాభం?

దరఖాస్తులు పంపాను. నూట ముప్ఫై దాకా. తిరస్కార పత్రాన్ని అక్కడ ఆబ్‌జాగె అంటారు. ఎంత మర్యాదగా రాస్తారంటే, రెండుసార్లు చదివితే గాని మనల్ని వద్దన్నారని తెలియదు. అవి కూడా రానివే ఎక్కువ.

ఒక ఇంటర్వ్యూ మాత్రం మరిచిపోలేను. ల్యాబ్ పెద్ద ఒక నడివయసు స్త్రీ. నా కాగితాలు ముందేసుకుని, నా అనుభవ పత్రం చేతిలోకి తీసుకుంది. అక్కడ ఉద్యోగం మానేసినప్పుడు, ఏ పనులు చేశారో, ఎంత బాగా చేశారో వివరిస్తూ రాసివ్వమని అడిగే హక్కు చట్టంలోనే ఉంది. ఆ పత్రాలకు ఒక గూఢభాష కూడా ఉంది. "సంతృప్తికరంగా పనిచేశారు" అని రాస్తే అంతంతమాత్రం అని అర్థం. "ఎల్లవేళలా మాకు అత్యంత పూర్ణ సంతృప్తి కలిగేలా" అని ఉంటేనే అసలైన మెచ్చుకోలు. నేను తీసుకెళ్లింది మూడు వాక్యాలు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు, ప్రవర్తన బాగుంది, ఉజ్జ్వల భవిష్యత్తు కోరుకుంటున్నాం. ఆవిడ ఆ కాగితాన్ని తిరగేసి వెనకవైపు చూసింది. వెనక ఏమీ లేదు. "ప్రవర్తన అంటే?" అని అడిగింది.

ఆ తర్వాత, ఒక బ్యాచ్ ఫలితం పరిమితి దాటి వస్తే మొదట ఏం చేస్తారని అడిగింది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే ప్రశ్న అది. ద్రావణాలు పారబోయకూడదు, తొందరపడి మళ్లీ ఇంజెక్ట్ చేయకూడదు, పైవారికి చెప్పాలి, తూకం, లెక్క, యంత్రం ఒక్కొక్కటే సరిచూడాలి. తల నిండా జవాబు ఉంది. నోట్లోంచి మాత్రం "ముందు... నేను... పారబోయను" అని మూడు ముక్కలు వచ్చాయి. ఆవిడ మంచిది, ఓపిగ్గా ఆగింది. ఆ ఓపికే ఎక్కువ గుచ్చుకుంది. పరవాడలో కొత్తగా చేరిన పిల్లలు నా ముందు నిలబడి తడబడితే, నేను అంత ఓపిక పట్టలేదని ఆ క్షణంలో గుర్తొచ్చింది.

మన వాళ్ల సలహాలకు కొదవ లేదు. నూటికి తొంభై మంది చెప్పింది ఒకటే, ఐటీలోకి మారిపో. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మూడు నెలల్లో నేర్చుకోవచ్చు, ఇంగ్లీషు చాలు, ఇంట్లో కూర్చుని చేయొచ్చు. ఇంకొకరి పుణ్యమా అని ఒక ఆన్‌లైన్ కోర్సులో కూడా చేరి, డబ్బు కట్టి, ఐదో వారంలో వదిలేశాను. ఇష్టపడి ఆ దారి పట్టినవాళ్లను నేనేమీ అనను. కానీ ఒక డెంటిస్టును, ఒక సంస్కృతం లెక్చరర్‌ను, ఒక కెమిస్టును వరసబెట్టి ఒకే గానుగలో వేసే ఈ సలహా వెనక ఒక నమ్మకం ఉంది: భార్యకు ఉద్యోగం కావాలి గాని, వృత్తి అక్కర్లేదని. అదే అబ్బాయిని, "నువ్వు మెకానికల్ వదిలేసి నర్సింగ్ చెయ్యి, అక్కడ బాగా గిరాకీ ఉంది" అని ఎవరైనా అనగలరా? జర్మనీలో నర్సులకు నిజంగానే గిరాకీ ఉంది మరి.

బి1 అయ్యాక 2019 చివర్లో ఒక బేకరీలో చేరాను. ఉదయం ఐదున్నరకు కౌంటరు తెరవాలి. ఇరవై రకాల రొట్టెల పేర్లు నోటికి రావాలి. ముసలివాళ్లు బవేరియా యాసలో గొణిగితే అర్థం చేసుకోవాలి. ఆ ఆరు నెలల్లో నేర్చుకున్న జర్మన్ తరగతి గదిలో నేర్చుకున్నదానికి రెట్టింపు. మా అమ్మ మాత్రం ఇక్కడ చుట్టాలకు "ఫుడ్ కంపెనీలో" అని చెప్పింది. ఒకసారి ఫోనులో నేను రొట్టెలు అమ్ముతున్నానని గట్టిగా అనేసరికి, పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, ఫోను పెట్టేసింది. నాన్నే మళ్లీ చేశాడు. "కోక్ ఓవెన్ ముందు నిలబడ్డవాడి కూతురివి, రొట్టెల పొయ్యి నీకొక లెక్కా?" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు జ్వరం మాత్రలా పనిచేస్తుంది.

ఆ పని పద్ధతిని మినీజాబ్ అంటారు. అప్పట్లో నెలకు 450 యూరోల వరకు సంపాదిస్తే చేతికి దాదాపు కోత లేకుండా వచ్చేది. 2022 అక్టోబరులో ఆ పరిమితి 520 అయింది, తర్వాత ఇంకా పెరిగింది. తియ్యగా కనబడుతుంది గాని, అందులో ఆరోగ్య బీమా ఉండదు, నిరుద్యోగ బీమా ఉండదు. చాలామంది ఆడవాళ్లు అక్కడే ఎందుకు ఆగిపోతారో తెలియాలంటే పన్ను తరగతుల సంగతి తెలియాలి. పెళ్లయిన జంటకు మామూలుగా చెరొక నాలుగో తరగతి ఇస్తారు. ఒకరికే సంపాదన ఉంటే, వారు మూడో తరగతి, రెండోవారు ఐదో తరగతి తీసుకోవచ్చు. మూడులో ఉన్నవారికి నెల జీతంలో కోత తగ్గుతుంది. ఆ తగ్గిన బరువంతా ఐదో తరగతి మీద పడుతుంది. నేను దిగిన నెలలోనే ఆ ఫారం మీద సంతకం పెట్టాను. చదవగలిగితే కదా ప్రశ్న అడగడానికి!

2022లో నా మొదటి ల్యాబ్ జీతం వచ్చినప్పుడు ఆ కాగితం పగ తీర్చుకుంది. స్థూల జీతం చూసి పొంగిపోయి, కింద చేతికి వచ్చేది చూసి నీరుగారిపోయాను. మా ఆయన కూడా చూశారు. దుర్మార్గుడు కాదు, నా కోసం తెల్లవారుజామున లేచి పాపకు పాలు కలిపిన మనిషి. "దీని కోసం ఇంత తిప్పలు అవసరమా?" అన్నారు. ఆ మాట చాలా ఇళ్లలో పుడుతుంది, చాలా ఉద్యోగాలు ఆ మాటతోనే ముగుస్తాయి. నిజానికి ఏడాది చివర ఇద్దరూ కలిసి లెక్కలు దాఖలు చేస్తే మొత్తం పన్ను ఏ తరగతిలోనైనా ఒకటే. నెలనెలా నా జీతం చిన్నదిగా, ఆయనది పెద్దదిగా కనిపించడమే తేడా. ఆయన ఎక్కువ సంపాదిస్తున్నట్టు, నేను సరదాకు వెళుతున్నట్టు ఆ రెండు జీతాల చీటీలు ప్రతి నెలా సాక్ష్యం చెబుతాయి. మరుసటి నెలలోనే ఇద్దరం నాలుగులోకి మారిపోయాం. ఒక్క ఫారం, పది నిమిషాల పని.

పాప పుట్టింది 2020 సెప్టెంబరులో. ప్రసవానికి ముందున్న జీతాన్ని బట్టి తల్లికి భృతి ఇస్తారు. పెద్దగా జీతం లేని నాకు వచ్చింది కనీస మొత్తం, నెలకు 300 యూరోలు. ఏడాది నిండిన బిడ్డకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు 1 నుంచి చట్టంలో ఉంది. హక్కు చట్టంలో, చోటు వెయిటింగ్ లిస్టులో. మాకు ఇరవై నెలల వయసులో దొరికింది. ఈ మధ్యలో రాత్రి పూట పాప పడుకున్నాక ఆన్‌లైన్‌లో బి2 చదివాను. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు. చిన్న పిల్లలున్న ఇంట్లో పరీక్షకు చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు నన్ను కుదిపింది మా అత్తగారి ప్రశ్న. ప్రతి ఆదివారం ఫోనులో, ప్రేమగానే, "ఇంకా ఎన్నాళ్లమ్మా ఆ చదువు?" అని అడిగేవారు. ఒక ఆదివారం జవాబు చెప్పబోయి ఆగిపోయాను. అనకాపల్లి దగ్గర వాళ్లకు చెరకు పొలం ఉండేది. మా ఆయన ఎంఎస్‌కు వచ్చేటప్పుడు అందులో ఎకరం అమ్మారు. జర్మనీకి వచ్చే విద్యార్థి ఏడాది ఖర్చు ముందే, నెలకింత అని తప్ప తీయలేని బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, ఆయన వచ్చినప్పుడు తక్కువే గాని అప్పటి మా వాళ్లకు అదే కొండ. రెండున్నరేళ్లు చదివారు. ఆ రెండున్నరేళ్లలో ఒక్కరైనా "ఇంకా ఎన్నాళ్లు?" అని అడిగారా? లేదు. దాన్ని పెట్టుబడి అన్నారు. ఊళ్లో గర్వంగా చెప్పుకున్నారు. నేను అదే దేశంలో, అదే కుటుంబం కోసం, రెండేళ్లు భాష చదివితే అది ఖర్చు, కాలక్షేపం, "ఊరికే ఇంట్లో కూర్చోలేక". ఒకే ఇంటి నుంచి బయల్దేరిన రెండు చదువులకు రెండు పేర్లు.

మా వైపు ఆర్ కార్డు అనే మాట అందరికీ తెలుసు. ఉక్కు కర్మాగారం కోసం భూములు పోగొట్టుకున్న నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామని ఆ కార్డులు ఇచ్చారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, కార్డు పట్టుకుని తరాలుగా తిరుగుతున్నవారూ ఉన్నారు. నా చిన్నప్పుడు మా బడిలో సగం మంది పిల్లలు ఆ మాట వింటూ పెరిగినవాళ్లే. నా కష్టాన్ని వాళ్ల కష్టంతో తూచడం లేదు. వాళ్లను అడగకుండా లేపారు, నేను పట్టుచీర కట్టుకుని నవ్వుతూ విమానం ఎక్కాను. కానీ ఆ కార్డు వెనక ఒక న్యాయం ఉంది. ఇంకొకరి ఉపాధి కోసం నువ్వు నీ చోటు వదిలితే, నీకొక చోటు చూపించడం వాళ్ల బాధ్యత అని ఒప్పుకోవడం. నెరవేరినా నెరవేరకపోయినా, బాకీ ఉన్నట్టు కాగితం మీద రాసి ఉంది. పెళ్లిలో ఆ కాగితం లేదు. రాయనిది జరగనట్టే.

"ఇష్టపడే కదా వెళ్లావు" అంటారు. అవును, ఇష్టపడే. ఇష్టపడి ఇల్లు కొన్నవాడు కూడా వాయిదా కట్టాలి. పెళ్లికి ముందే కూర్చుని మాట్లాడుకోవలసిన బాకీ ఇది. మొదటి రెండేళ్లు ఆమె భాషకు, ఆమె కాగితాలకు ఎంత డబ్బు పక్కన పెడతాం? పిల్లలు పుడితే ఆయన ఎన్ని నెలలు సెలవు పెడతాడు? ఉద్యోగం మారాల్సి వస్తే ఆమె పని దొరికే ఊరు కూడా చూస్తామా? ఈ మూడో మాట మా ఇంట్లో 2021లో లేచింది. లేపింది నేనే. తినకుండా మూడు రోజులు కూర్చోలేదు గాని, దాదాపు అంత పని చేశాను. మా ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉద్యోగం వెతుక్కున్నారు. డార్మ్‌స్టాట్‌కు మారాం. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు చుట్టూ ఉన్న ప్రాంతం. చేరిన ఏడాదికి నాకు ల్యాబ్‌లో పని దొరికింది. నా తెలివి ఆ ఏడాదిలో ఏమీ పెరగలేదు. ఊరు మారింది.

అది కూడా నేరుగా కాదు, తాత్కాలిక సిబ్బందిని పంపే ఏజెన్సీ ద్వారా. మన కాంట్రాక్టు కార్మికుల లాగే అనుకోండి, కాకపోతే చట్టం కాస్త గట్టిది. ఒకే మనిషిని ఒకే కంపెనీకి మామూలుగా 18 నెలలకు మించి అలా పంపకూడదు, తొమ్మిది నెలల తర్వాత ఆ కంపెనీ సొంత ఉద్యోగులతో సమానంగా జీతం ఇవ్వాలి. పద్దెనిమిదో నెలలో ఉంచుకోవాలో పంపేయాలో తేల్చుకుంటారు. నన్ను ఉంచుకున్నారు. ఇప్పటికీ పరవాడలో వదిలివచ్చిన హోదాకు ఒక మెట్టు కిందే ఉన్నాను. నాకంటే తర్వాత చేరిన పిల్ల ఇప్పుడు అక్కడ మేనేజరు. ఆమె పోస్టులకు లైకు కొట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను.

పిన్నికి ఇదంతా చెప్పలేదు. సగమే చెప్పాను, అదీ నవ్వుతూ. అయినా ఆ రాత్రి వాళ్లింట్లో ఏదో మాట నడిచినట్టుంది. మర్నాడు సాయంత్రం జనరల్ షిఫ్టు బస్సు దిగి, బ్యాగు కూడా ఇంట్లో పెట్టకుండా ఆ అమ్మాయి నేరుగా మా మేడెక్కింది. చెంప మీద తాడు అచ్చు అలాగే ఉంది. "అక్కా, ముందు ఏం చేయాలి?" అంది.

పెళ్లి గురించి నేనేమీ అనలేదు. అనుభవ పత్రం గురించి చెప్పాను. మానేసేటప్పుడు కాదు, ఇప్పుడే అడుగు. మీ పైఅధికారికి నీతో ఇంకా అవసరం ఉన్నప్పుడు అడుగు. ఏ యంత్రాల మీద పనిచేశావో పేర్లతో, ఏ పద్ధతులో, ఎన్ని ఆడిట్లు చూశావో, కొత్తవారికి ఏం నేర్పావో రాయించు. నువ్వే రాసి ఇవ్వు, వాళ్లు సంతకం పెడతారు. రేపటి నుంచి ద్వారకానగర్‌లో జర్మన్ తరగతి. అబ్బాయికి ఫోను చేసి, మ్యూనిక్ కాకుండా ఇంకెక్కడ ఉద్యోగం చేయగలడో అడుగు. కోపంగా కాదు, మామూలుగా. ఆ జవాబులో అతను ఎలాంటివాడో కొంత తెలుస్తుంది.

వారం తర్వాత పిన్ని గోడ మీదుగా పలకరించి, అబ్బాయి తరఫువాళ్లు "పెళ్లికి ముందే ఇన్ని ప్రశ్నలు ఎవరు నేర్పారు?" అన్నారని చెప్పింది. ఆవిడ గొంతులో కోపం ఎంతో, కుతూహలం ఎంతో తేల్చుకోలేకపోయాను. అబ్బాయి మాత్రం తనకు ఈ పన్ను తరగతుల సంగతి తెలియదని, కనుక్కుంటానని అన్నాడట.

నిన్న ఆ అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. కంపెనీ లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం. ఈసారి ఐదు వాక్యాలు. ప్రవర్తన బాగుంది అని మాత్రం ఉంది. యంత్రాల పేర్లు లేవు. "మళ్లీ వెళ్లు" అని జవాబు పెట్టాను.